యాపిల్ కల్లు

ఫస్టియర్‌లో సీనియర్లు వరసగా నిలబెట్టి "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడిగితే "వ్యవసాయం" అన్నాను. పూర్తిగా అబద్ధమేం కాదు, మాకు ముప్పావు ఎకరం ఉంది. కానీ మా ఇల్లు నడిచేది దాని మీద కాదు. మా నాయిన తాళ్ళెక్కుతాడు, కల్లు గీస్తాడు. మూడేళ్ళు ఈ క్యాంపస్‌లో ఉండి ఆ మాట రూమ్మేట్లకి కూడా చెప్పలేదు. మొదటిసారి చెప్పింది జర్మనీలో, ఒక ముసలావిడకి. అదీ సగం ఇంగ్లీషులో, సగం చేతులతో.

ఏడో సెమ్‌లో ప్రాజెక్టు కోసం డార్మ్‌స్టాట్ వెళ్ళాను. మా ల్యాబ్‌లో ఉండే కుర్రాడిది ఆ చుట్టుపక్కల ఊరే. అక్టోబర్‌లో ఒక శనివారం "మీకు మా ఊరి వైన్ తాగిస్తా, ద్రాక్షది కాదు" అని మా ముగ్గురినీ బయల్దేరదీశాడు. ఎస్3 రైల్లో అరగంట. ఫ్రాంక్‌ఫర్ట్ సూద్ స్టేషన్లో దిగితే అదే జాక్సన్‌హౌజెన్, మైన్ నదికి దక్షిణం వైపు పేట. టూరిస్టులు గుంపులుగా తిరిగే వీధి దాటించి, చిన్న సందులో ఒక ఇంటి ముందు ఆపాడు. గుమ్మానికి పచ్చటి కొమ్మలతో కట్టిన చక్రం వేలాడుతోంది. మా దగ్గర సొంతంగా చేసిన యాపిల్ వైన్ ఉంది అని దానర్థమట. మా ఊరి మండువకి ఆ మాత్రం గుర్తు కూడా ఉండదు, వాసనే చాలు.

లోపల పొడుగు బల్లలు, పొడుగు బెంచీలు. ఖాళీ ఎక్కడుంటే అక్కడ, ముక్కూ మొహం తెలియనివాళ్ళ పక్కన కూర్చోవాల్సిందే. గల్లాపెట్టె దగ్గర ఒక అవ్వ, జాడీలు మోస్తూ ఆమె కూతురు, వంటింట్లో అల్లుడు. సిబ్బంది అంతే. బూడిదరంగు మట్టిజాడీ మీద నీలం పువ్వులు, దాని పేరు బెంబెల్. గ్లాసు నిండా డైమండ్ గాట్లు. పూర్వం చేత్తో మాంసం తిని జిడ్డు వేళ్ళతో పట్టుకున్నా జారకుండా అలా చేశారని మావాడు చెప్పాడు. తినడానికి ఏడు రకాల ఆకులు నూరిన పచ్చ సాస్, ఉడికించిన గుడ్లు, ఆలుగడ్డలు వచ్చాయి. ఆ ఏడింటిలో ఒకటి మన చుక్కకూరకి చుట్టమే, నాలుక వెంటనే గుర్తుపట్టింది. ఇంకొకటి ఉల్లిపాయా వెనిగరూ పోసిన చీజ్. మెనూలో దాన్ని "సంగీతంతో" అని రాశారు. సంగీతం ఎక్కడ అని అడిగితే "రాత్రికి వినిపిస్తుంది" అన్నాడు. ఉల్లిపాయల మీద జోకులకి దేశం లేదు.

గ్లాసు మూతి దగ్గర పెట్టుకుని ఆగిపోయాను. ఆ వాసన నాకు తెలుసు. మధ్యాహ్నం ఎండలో మా అరుగు మీద పెట్టిన లొట్టి వాసన. ఒక గుక్క తాగాను (మా వార్డెన్ మేడమ్ ఈ పేరా చదవరని ఆశ). పులుపు తప్ప తీపి అన్న మాటే లేదు.

ఆలోచిస్తే వింతేం లేదు. రసంలోని చక్కెరని ఈస్ట్ తింటుంది, గ్యాస్ వస్తుంది, ఆల్కహాల్ వస్తుంది. మన ఎండకి, కడిగినా పోని పాత లొట్టి గుణానికి ఆ పని గంటల్లో అయిపోతుంది. వీళ్ళ చల్లటి నేలమాళిగలో వారాలు పడుతుంది. అయ్యాక ఐదారు శాతం ఆల్కహాల్. అప్పుడే పిండిన తియ్యటి రసానికి ఒక పేరు, సగం పులిసి మసకగా ఉన్నదానికి ఇంకో పేరు, పూర్తయినదానికి మరో పేరు. మా నాయిన కూడా నీరా, తీపి కల్లు, పులిసిన కల్లు అని అలాగే విడదీస్తాడు. సగం పులిసింది ఎక్కువ తాగితే కడుపు పరిగెత్తిస్తుందట. 2007లో "వైన్" అనే పేరు ద్రాక్షదానికే ఉండాలని యూరోపియన్ కమిషన్ నుంచి ప్రతిపాదన వస్తే ఇక్కడివాళ్ళు గోల చేశారు. చివరికి అదే వెనక్కి పోయింది. పేరు కోసం అంత పట్టుదలా అనుకున్నాను. నేను మా పేరే చెప్పుకోనిదాన్ని.

నేను గ్లాసు వాసన చూస్తూ కూర్చోవడం అవ్వ కంటపడింది. బాగాలేదా అని అడిగింది. అప్పుడు నోట్లోంచి వచ్చేసింది: "మా నాన్న కూడా ఇదే పని చేస్తాడు. చెట్టు వేరు." ఫోన్‌లో ఫొటో చూపించాను. నడుముకి మోకు, కత్తి, పైన తాటిమట్టల మధ్య చిన్నగా నాయిన. ఆమె కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. కూతుర్ని పిలిచి చూపించింది. రోజుకి రెండుసార్లు ఎక్కుతాడు అంటే నమ్మలేదు. తర్వాత అడిగింది, "తాడు జారితే?"

జారింది. నేను సెకండియర్‌లో ఉండగా. తుంటి విరిగి మూడు నెలలు మంచం మీద ఉన్నాడు. హాస్టల్లో నేను బైక్ యాక్సిడెంట్ అని చెప్పాను. లీవ్ లెటర్‌లో కూడా అదే రాశాను. ఆ సంగతి మాత్రం అవ్వకి చెప్పలేకపోయాను, "జారుతుంది" అని ఊరుకున్నాను.

మా రెండు పనులూ ఒకటే అని నేను అనను. వాళ్ళు చెట్టు దులిపి, రాలినవి ఏరుకుంటారు. అవ్వకి మోకాళ్ళ నొప్పులు వచ్చింది అందుకేనట. 2022లో వీళ్ళ యాపిల్ వైన్ పనితనాన్ని జర్మనీ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చారని మావాడు గర్వంగా చెప్తుంటే కూతురు నవ్వి, "జాబితా వచ్చి జాడీలు మోస్తుందా? నా కొడుకు బెర్లిన్‌లో ఆఫీసులో ఉన్నాడు, రానంటున్నాడు" అంది. నేనేం మాట్లాడలేదు. నేనూ రాననే వర్గమే కదా.

మర్నాడు పొద్దున ఇంటికి ఫోన్ చేశాను.

"యాపిల్ పండ్లతోని కల్లా? ఎన్నొద్దులుంటది బిడ్డా?"

"ఏడాది ఉంటది నాయినా."

"ఏడాదా! మనది పొద్దుమీకంగనే పులుస్తది." కాసేపు ఆగి, "చెట్టు ఎత్తెంత?"

"నాకు రెండింతలుంటదేమో."

ఫోన్లో పెద్దగా నవ్వాడు. "గట్లయితే నేను ఈ తుంటితోనే ఎక్కుత, అడుగు ఆమెను, పని ఉందేమో."