అడవిబాటలో షుగర్ పడిపోయిన వేళ

మధుమేహానికి మాత్రలు వాడుతూ ఆ సంగతి ఇంటివారికి చెప్పనివారు మీలో ఎవరైనా ఉంటే, ఈసారి నేను వ్రాస్తున్నది ముఖ్యంగా వారికోసం. అందుకు ముందుగా నా సొంత తప్పిదం ఒకటి చెప్పవలసి ఉంది.

2011లో నా భార్యకు అండాశయ క్యాన్సర్ అని తేలింది. అప్పటికే వ్యాధి కడుపులో వ్యాపించింది. మా ఒక్కగానొక్క కూతురు అప్పుడు పుణెలో నాలుగవ నెల గర్భిణి. కాన్పు అయ్యేవరకు ఆమెకు చెప్పరాదని నిర్ణయించింది నేనే. బిడ్డను ఒకసారి పిలిపించమని నా భార్య రెండుసార్లు అడిగింది. ఇంకా వ్యవధి ఉన్నదని, వైద్యుడినన్న ధీమాతో వాయిదా వేశాను. నిండు నెలలతో బిడ్డ కరీంనగర్ చేరేసరికి తల్లికి స్పృహ లేదు.

ఆమె నాతో పోట్లాడలేదు. పోట్లాడి ఉంటే బాగుండేది. పదమూడేళ్లపాటు పండుగలకు ఫోన్లు, క్షేమ సమాచారాలు, వచ్చినా రెండవ రోజుకే తిరుగు ప్రయాణం. "పేషెంటుకు చెప్పకండి సారూ" అని బంధువులు పక్కకు పిలిచి అడిగితే సరేనని తలూపడం ముప్పై ఐదేళ్ల ప్రభుత్వ నౌకరీలో నాకు అలవాటైపోయింది. దానిని దయ అనుకునేవాణ్ణి. చెప్పడం కష్టమైన పని కనుక తప్పించుకుంటున్నానేమోనన్న అనుమానం పదవీ విరమణ తరువాతగాని నాకు రాలేదు.

నిరుడు దీపావళికి ముందు ఏదో రిజిస్ట్రేషన్ పనిమీద మా అమ్మాయి వచ్చింది. పని ముగిసిన రోజు రాత్రి ఉన్నట్టుండి, "నువ్వు నౌకరీ చేసిన అడవి నాకు ఒక్కసారి గూడ చూపెట్టలేదు బాపూ" అన్నది. నిజమే. నేను ఉట్నూరు ఏజెన్సీలో ఉన్న ఏళ్లన్నీ తల్లీబిడ్డలు బడి కోసం కరీంనగర్‌లోనే ఉన్నారు.

మరునాడు తెల్లవారుజామునే బయలుదేరాము. జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూరు దాటి, సోన్ దగ్గర గోదావరి వంతెన మీదుగా నిర్మల్ చేరాము. హోటల్‌లో చేతులు కడుక్కోవడానికి వెళ్లి, ఆమె చూడకుండా గ్లిమెపిరైడ్ మాత్ర మింగాను. తిరిగి వచ్చేసరికి, "మస్తు మంది ఉన్నరు బాపూ, చాయ తాగి పోదాం, ముందట తిందాం" అన్నది. మాత్ర వేసుకున్నాను, ఇప్పుడే తినాలి అని ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పాలంటే నాకు మధుమేహం ఉన్నదని చెప్పాలి, 2019లో గుండెకు స్టెంట్ వేసిన సంగతీ చెప్పాలి. చక్కెర లేని టీ, రెండు బిస్కట్లతో సరిపెట్టాను.

మహబూబ్ ఘాట్ ఎక్కి నేరడిగొండ వైపు వెళ్లాము. ఆ ప్రాంతపు కడెం నది కుంటాల వద్ద సుమారు 45 మీటర్ల ఎత్తునుంచి దూకుతుంది. అక్కడికి రోడ్డూ మెట్లూ ఉన్నాయి, జనమూ ఉంటారు. అదే నదిపై ఉన్న గాయత్రి జలపాతానికి మాత్రం అడవిలో నడిచి వెళ్లాలి. మా అమ్మాయి దానినే కోరింది. ఊరివాడైన ఒక గోండు యువకుడు "రాం రాం" చెప్పి దారి చూపడానికి ముందు నడిచాడు. ఎక్కడినుంచో దండారి డోళ్ల మోత వినవస్తున్నది.

కాలిబాట ఒక్కరికే సరిపడేంత ఉన్నది. ఆమె ముందు, నేను వెనుక. ముఖాలు కనబడకపోవడం వల్ల కాబోలు, మాటలు తేలికగానే వచ్చాయి. టేకు, మద్ది, ఇప్ప, తునికి అని చెట్ల పేర్లు చెప్పాను. వానకాలంలో మలేరియా పరీక్షకు రక్తపు స్లైడ్లు గుట్టలుగా పడి ఉండేవని, ఫాల్సిపారం మెదడుకెక్కిన పసివారిని మంచాలమీద వాగులు దాటించి తెచ్చేవారని చెప్పాను. "గిట్ల ఎన్నడూ చెప్పలేదు" అన్నది వెనుదిరగకుండానే.

గంటన్నర నడిచాక ఆమె ఏదో అడిగింది. ఏమి అడిగిందో నాకు గుర్తులేదు. "ఎన్నిసార్లు అడుగుతవు, నోరు మూస్కొని నడువు" అని అరిచానట. పాత తండ్రి మళ్లీ బయటపడ్డాడనుకొని ఆమె మౌనంగా నాలుగడుగులు వేసిందట. నా అడుగుల చప్పుడు ఆగిపోవడంతో తిరిగి చూసింది. చల్లని గాలిలో నా చొక్కా చెమటతో తడిసి ముద్దయింది, మాట తడబడుతున్నది. "సార్‌ను కూసోబెట్టుండ్రి" అని ఆ యువకుడు నన్ను బండరాతికి ఆనించాడు.

ఇక్కడ కొంచెం వైద్యం చెప్పనివ్వండి. రక్తంలో గ్లూకోజు 70 మిల్లీగ్రాములకు తగ్గితే చక్కెర పడిపోయినట్టు, 54 కన్నా తగ్గితే ప్రమాదం. గుండెదడ, చేతుల వణుకు హెచ్చరికలు. కాని నేను వాడే మెటొప్రొలాల్ వంటి మందులు ఆ దడను, వణుకును కప్పిపుచ్చుతాయి, చెమట ఒక్కటే మిగులుతుంది. వృద్ధులలో అకారణమైన కోపం, తికమక ముందుగా కనిపించవచ్చు. చాలా ఇళ్లలో దానిని "ముసలాయన చాదస్తం" అనుకుంటారు. మింగగలిగే స్థితిలో ఉంటే 15 గ్రాముల గ్లూకోజు గాని, చక్కెర గాని ఇచ్చి 15 నిమిషాలు ఆగాలి, తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేనివారి నోట్లో ఏదీ పోయరాదు, వెంటనే ఆసుపత్రికి తరలించాలి.

మా అమ్మాయి చాక్లెట్ తీసింది. అందులోని కొవ్వు వల్ల అది నెమ్మదిగా పనిచేస్తుంది. నేను సంచివైపు చేయి చూపానట. గ్లూకోజు పొడి కోసం వెతుకుతుంటే మాత్రల పట్టీలన్నీ ఆమె చేతికి వచ్చాయి. ముందు గ్లూకోజు కలిపి తాగించింది. నాకు తెలివి కుదుటపడ్డాక పట్టీలు నా ముందు పరిచింది.

"ఇవేంది బాపూ? గుండెకు గూడ ఏస్తున్నవా? ఎన్నేండ్ల సంది?"

చెప్పాను.

"అమ్మ ముచ్చట లెక్కనే నీదీ నాకు ఆఖరుకు చెప్తవా?"

ఆ కోపం చక్కెర తగ్గడం వల్ల వచ్చిందని చెప్పుకోవచ్చు. 2011లో నా చక్కెర సక్రమంగానే ఉన్నది. తప్పు చేశాను బిడ్డా అన్నాను. పదమూడేళ్లుగా అనవలసిన మాట. ఆమె ఏమీ అనలేదు. యువకుడు తన జొన్నరొట్టెలో సగం తుంచి ఇచ్చాడు. గ్లిమెపిరైడ్ ప్రభావం చాలా గంటలు ఉంటుంది, గ్లూకోజు తాగి ఊరుకుంటే చక్కెర మళ్లీ పడిపోతుంది. అందుచేత మొత్తం తిన్నాను.

అప్పుడు ఆమె తల్లి చివరి నెలల గురించి అడిగింది. తన కాన్పుకు తల్లి పాత చీరలతో కుట్టిన బొంతకు ఒక మూల కుట్లన్నీ వంకరగా ఎందుకున్నాయని అడిగింది. కీమోథెరపీలో ఇచ్చే పాక్లిటాక్సెల్ వల్ల వ్రేళ్లు మొద్దుబారతాయి. సూది పట్టు దొరక్కపోయినా ఎవరికీ ఇవ్వకుండా ఆమే కుట్టింది. ఆ మాట చెప్పాను. బొంతను చేతికిచ్చిన రోజు నేను ఇదేమీ చెప్పలేదు. మా అమ్మాయి చాలాసేపు ఏడ్చింది. యువకుడు లేచి కొంచెం దూరం వెళ్లి నిలబడ్డాడు.

జలపాతం చూడలేదు. హోరు మాత్రం వినబడింది. అరగంట తరువాత మెల్లగా వెనుదిరిగాము. ఈసారి ఆమె నన్ను ముందు నడవమన్నది.

రాత్రి ఇల్లు చేరాక తల్లి కేసు ఫైలు అడిగింది. పదమూడేళ్లుగా బీరువా అడుగున ఉన్నదానిని తీసి ఇచ్చాను. గదిలోకి తీసుకుపోయి తలుపు వేసుకుంది. ఎనిమిదైంది, తొమ్మిదైంది. వంట అయిపోయి ఉన్నది. ఆమె వచ్చి కూర్చున్నాకనే తినాలని నా పట్టుదల. తినే వేళ ఖాయం కాకుండా ఈ మాత్ర వేసుకోకూడదు కనుక, దానిని పళ్లెం పక్కన, అందరికీ కనబడేటట్టు పెట్టుకొని కూర్చున్నాను.