కుర్చీకీ కొలతలుంటాయి

జూన్ వస్తోందంటే పిల్లల యూనిఫాం కొలతలు చూస్తాం, బూట్ల సైజు చూస్తాం. మరి వాళ్లు గంటల తరబడి కూర్చునే కుర్చీ సైజు ఎప్పుడైనా చూశారా?

మా అమ్మాయి ఈ ఏడాది పదో తరగతి. బడిలో బెంచీ, ఇంటికొచ్చాక హోంవర్కు, ఆదివారం రివిజన్. నాది అకౌంట్స్ ఉద్యోగం. నేనూ రోజంతా కంప్యూటర్ ముందే. ఇద్దరికీ పనికొచ్చేలా ఒక మంచి కుర్చీ కొందామని కలిసి దుకాణానికి వెళ్లాం.

షాపు కుర్రాడు ముందుగా మెత్తటి దిండ్లున్న పెద్ద 'బాస్ చైర్' చూపించాడు. నాకు హాయిగా ఉంది. అమ్మాయి వెనక్కి ఆనుకుని కూర్చుంటే పాదాలు నేలకు అందలేదు. ముందుకు జరిగితే పాదాలు ఆనాయి కానీ వీపుకు ఆసరా పోయింది. "ఎదిగే పిల్ల కదా సార్, రెండేళ్లలో సరిపోతుంది" అన్నాడతను. పరీక్షలు మాత్రం మార్చిలోనే కదా!

కాళ్లు వేలాడుతుంటే సీటు అంచు తొడల కింద ఒత్తుకుంటుంది, తిమ్మిరెక్కుతుంది. పిల్లలు ముందుకు జరుగుతారు, వంగుతారు, అటూఇటూ కదులుతారు. మనమేమో "కుదురుగా కూర్చోలేవా?" అని కసురుతాం. ఆ మాట అనే ముందు ఒక్కసారి బల్ల కింద వాళ్ల కాళ్లు చూడండి.

పెద్దవాళ్ల కుర్చీలకే సైజులున్నాయి. 1994లో అమెరికాలో వచ్చిన 'ఏరాన్' అనే పేరున్న ఆఫీసు కుర్చీని మూడు సైజుల్లో తయారుచేశారు. మరి పిల్లలకూ పెద్దలకూ ఒకే కుర్చీ ఎలా సరిపోతుంది?

కొనేటప్పుడు పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. కనీసం పది నిమిషాలు కూర్చోబెట్టి ఇవి చూడండి:

• పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి.
• వీపు ఆనించి కూర్చున్నప్పుడు సీటు అంచుకూ మోకాలి వెనక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి.
• నడుము ఒంపు దగ్గర ఆసరా తగలాలి.
• చేతులు బల్ల మీద పెడితే భుజాలు పైకి లేవకూడదు.

చివరికి అమ్మాయికి వేరుగా, సీటు లోతు తక్కువగా ఉండి ఎత్తు మార్చుకోగలిగే కుర్చీ తీసుకున్నాం. బల్ల ఎత్తుకు తగ్గట్టు కుర్చీ పైకి లేపితే మళ్లీ కాళ్లు అందలేదు. అటక మీదున్న మా అమ్మ చెక్కపీట దించి పాదాల కింద పెట్టాం. సరిగ్గా సరిపోయింది. నా పాత కుర్చీకి నడుము దగ్గర తువ్వాలు చుట్టి పెట్టుకున్నాను. కాబట్టి, అందరూ కొత్తది కొనాల్సిన పని లేదు. ఉన్నదాన్నే ముందు సరిచేసి చూడండి.

ఎంత మంచి కుర్చీ అయినా అదే పనిగా కూర్చోవడానికి కాదు. అరగంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయనివ్వండి. మంచినీళ్లకు లేచినా, కిటికీ దగ్గర నిలబడినా చాలు, "చదువు ఎగ్గొడుతున్నావా?" అనకండి. ఇంత చేసినా నడుము నొప్పి, కాళ్ల తిమ్మిరి తగ్గకపోతే పరీక్షలయ్యేదాకా ఆగకుండా డాక్టరుకు చూపించండి.