మంచు ఉరిమిన చోట

విశాఖపట్నంలో ముప్పై ఏళ్లు కాపురం చేశాం. సాయంత్రం బీచ్‌లో కూర్చుంటే హార్బరు బయట లంగరేసిన ఓడలు వరసగా కనిపించేవి. ఒక్కదాంట్లోనూ కాలు పెట్టలేదు. మావారు రైల్వేలో డ్రైవరు. కొత్తవలస-కిరండూల్ లైన్లో ఇనుప ఖనిజం గూడ్సులు నడిపారు. నేను హైస్కూల్లో తెలుగు టీచర్ని. అలాంటి మాకు, ఆయనకి డెబ్భై రెండు, నాకు అరవై ఏడు వచ్చాక ఓడ ప్రయాణం, అదీ అలాస్కాకి! సియాటిల్‌లో ఉండే మా అమ్మాయి టిక్కెట్లు కొనేసి, ‘మాకు సెలవు దొరకదమ్మా, మీరిద్దరే వెళ్లిరండి’ అంది.

నా భయం సముద్రం గురించి కాదు. ఇంజిన్ల మోత మధ్య అన్నేళ్లు గడిపినందుకో ఏమో, ఆయనకి వినికిడి బాగా తగ్గిపోయింది. చెవి మిషను కొని రెండేళ్లయినా డబ్బా మూత తీయరు. ‘అది పెట్టుకుంటే ముసలాడినైపోతాను’ అంటారు. నేనేం చెప్పినా ‘ఊఁ’ అంటారు. విన్నారో లేదో ఆ దేవుడికే తెలియాలి. ఇంట్లో అయితే విసుగొచ్చినప్పుడు వంటింట్లోకి వెళ్లిపోతాను. ఏడు రాత్రులు ఒకే గదిలో ఏం చేయను? అందుకే ఆయనకి తెలియకుండా ఆ డబ్బా నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను.

జూన్ నెలలో ఓ మధ్యాహ్నం సియాటిల్‌లో ఎక్కాం. ఓడంటే ఓడ కాదు, కదిలే అపార్ట్‌మెంటు. లిఫ్టులు, దుకాణాలు, ఈతకొలను అన్నీ ఉన్నాయి. శాకాహారులమని ముందే చెప్పడంతో అన్నం, పప్పు దొరికాయి. సీలు తీయని ఆవకాయ ప్యాకెట్టు ఒకటి పెట్టెలో ఉండనే ఉంది. అన్నట్టు, వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట. ఈ ఓడలు చాలావరకు వేరే దేశాల్లో రిజిస్టరైనవి. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం అలాంటి ఓడ అమెరికాలో బయల్దేరి అమెరికాకే తిరిగొచ్చేటట్టయితే మధ్యలో ఏదైనా పరాయి దేశపు రేవులో ఆగాలి. అందుకే చివర్లో కెనడాలోని విక్టోరియాలో ఆపుతారు. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి కెనడా వీసా కూడా కావాలి. మా అమ్మాయి ఆ పని ముందే చేసిపెట్టింది.

మొదటి రోజంతా నీళ్లే. తర్వాత రెండువైపులా దీవులు, కొండలు మొదలయ్యాయి. సముద్రం మధ్యలో కాకుండా ఆ దీవుల సందుల్లోంచి ఓడ వెళ్తుంటే గోదావరి మీద పాపికొండల లాంచీ ప్రయాణం గుర్తొచ్చింది. కాకపోతే ఇక్కడి కొండల నెత్తిన మంచు. రాత్రి పదవుతున్నా చీకటి పడదు. కర్టెను వేసుకుంటే తప్ప నిద్రపట్టదు.

మూడోరోజు జూనో చేరాం. అలాస్కా రాష్ట్రానికి రాజధాని. అయినా బయటి ఊళ్ల నుంచి అక్కడికి రోడ్డు లేదు. పడవలోనో విమానంలోనో రావలసిందే. ఊరికి దగ్గర్లోనే మెండెన్‌హాల్ గ్లేసియర్. మంచు గడ్డకట్టి నదిలా కొండల మీంచి జారడాన్నే గ్లేసియర్ అంటారు. బస్సులో తీసుకెళ్లారు. పక్కనే ఉన్న జలపాతం దాకా కాలిబాట ఉంది. నా మోకాళ్లు ఒప్పుకోలేదు. ‘నాలుగింటికి బస్సు. మూడున్నరకల్లా వచ్చేయండి’ అన్నాను. ‘ఊఁ’ అన్నారు.

మూడున్నరైంది. పావు తక్కువ నాలుగూ అయింది. మనిషి లేరు. ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది. దారి పక్కన ఎలుగుబంట్లు తిరుగుతాయని బోర్డులు కూడా ఉన్నాయి! ఓడ మా కోసం ఆగదు. ఆ దేశంలో, ఆ చలిలో, అటు పరుగెత్తలేను, ఇటు కూర్చోలేను. కనిపించినవాళ్లందరికీ ఫోన్లో ఆయన ఫొటో చూపించాను. నాలుగుకి రెండు నిమిషాలుందనగా తాపీగా నడుచుకుంటూ వచ్చారు. పైగా నవ్వుతూ, ‘ఐదింటికన్నావుగా?’ అన్నారు.

బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. రాత్రి భోజనాల దగ్గరా అంతే. నలభై నాలుగేళ్ల కాపురంలో ఎన్నో పోట్లాటలున్నాయి కానీ, ఆ రోజు నాకొచ్చింది కోపం కాదు. ఈ మనిషి ఎప్పుడైనా ఇలాగే నా కళ్ల ముందే తప్పిపోతారనిపించింది.

మర్నాడు స్కాగ్వే. పొద్దున్నే వైట్‌పాస్ రైలెక్కాం. 1896లో కెనడాలోని క్లోండైక్ దగ్గర బంగారం బయటపడింది. లక్షమంది దాకా బయల్దేరారట. ఒక్కొక్కరూ ఏడాదికి సరిపడా సామాను, దాదాపు టన్ను బరువు, కొండెక్కించుకోవాలి. ఆ దారిలో మూడు వేల గుర్రాలు చచ్చిపోయాయి. తర్వాత 1898లో రైలు మార్గం మొదలుపెట్టి 1900లో పూర్తిచేశారు. పట్టాల మధ్య వెడల్పు మూడడుగులే. ఇరవై మైళ్లలో మూడు వేల అడుగుల ఎత్తుకి పాకుతుంది. మావారు పెట్టె చివర ప్లాట్‌ఫామ్ మీద నిలబడి వంపులు, వంతెనలు చూస్తూ అరకు ఘాట్‌లో బండి నడుపుతున్నంత ఇదైపోయారు. గైడు మైకులో చెబుతున్నది ఒక్క ముక్కా వినపడ్డంలేదని ముఖం చూస్తే తెలుస్తోంది. కోపం పక్కనపెట్టి, చెప్పినవన్నీ చిన్న పుస్తకంలో రాసి చూపించాను. ‘ఎక్కుడు ఎంతో అడుగు’ అన్నారు. అడిగాను. గరిష్ఠంగా 3.9 శాతమట. ఆ అంకె చదివి, ఆ బండి డ్రైవరుకి దూరం నుంచే నమస్కారం పెట్టారు.

ఐదోరోజు గ్లేసియర్ బే. ఇది రేవు కాదు. దిగేదేమీ లేదు. నేషనల్ పార్కు కాబట్టి రోజుకి రెండు పెద్ద ఓడలనే రానిస్తారు. పార్కు రేంజర్లు చిన్న పడవలో వచ్చి మా ఓడెక్కి, మైకులో వివరిస్తూ వచ్చారు. 1794లో వాంకోవర్ బృందం ఇటు వచ్చినప్పుడు ఈ అఖాతమే దాదాపు లేదు. ఉన్నదంతా మంచు గోడే. 1879లో జాన్ మ్యూర్ వచ్చేసరికి ఆ మంచు నలభై మైళ్లకు పైగా వెనక్కి జరిగిపోయింది. ఇప్పుడు అరవై ఐదు మైళ్లు లోపలికి వెళ్తేగాని చివర రాదు. అంతకుముందు ఇక్కడ క్లింకిట్ తెగవాళ్ల ఊళ్లుండేవి. మంచు ముందుకొచ్చి తరిమేస్తే లేచిపోయారు. వాళ్ల కోసం పార్కులో 2016లో ఒక పెద్ద ఇల్లు కట్టారు.

మార్జరీ గ్లేసియర్ ముందు ఓడ ఆగింది. మైలు వెడల్పు గోడ. నీటిపైన ఇరవై ఐదంతస్తుల ఎత్తు. తెలుపనుకున్నాను కానీ పగుళ్లలో చూస్తే ఇంకు సీసా ఒలికినట్టు నీలం. మైకు ఆపేశారు. వేలమంది ఉన్న ఓడ గుడిలా అయిపోయింది. ఎక్కడో లోపల టప్‌మంది. అందరూ ఒక్కసారి తలలు తిప్పారు. మావారొక్కరే తిప్పలేదు. ఇంతలో గోడలోంచి ఇల్లంత ముక్క విడిపోయి నీళ్లలో పడింది. పడ్డాక క్షణానికి వచ్చింది చప్పుడు. గుండెల్లోకి దిగింది. క్లింకిట్‌లు దాన్ని తెల్ల ఉరుము అంటారట.

ఆయన నీళ్లలోకి చూస్తున్నారు. ‘ఎలా ఉంది శబ్దం?’ అన్నారు మెల్లగా.

ఏమని చెప్పను? ‘యార్డులో రాత్రిపూట గూడ్సు పెట్టెలు ఒకదానికొకటి తగిలిస్తే ఆ చివరి నుంచి ఈ చివరికి వస్తుందే, అలాగ’ అన్నాను చెవి దగ్గరికెళ్లి.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెయ్యి చాచారు. ‘ఆ డబ్బా నీ బ్యాగులోనే ఉందిగా, ఇలా ఇయ్యి’ అన్నారు. ముందే చూశారన్నమాట! వణికే వేళ్లతో ఆయన పెట్టుకుంటుంటే నేను గ్లేసియర్ వైపు తిరిగి నిలబడ్డాను. ఓడ అక్కడ గంటసేపు ఉంది. మరో రెండుసార్లు మంచు విరిగింది. రెండోసారి ఆయనే ముందు తల తిప్పారు.

తర్వాత కెచికాన్‌లో తడిశాం. ఏడాదికి నూట యాభై అంగుళాల దాకా వాన పడే ఊరు. గొడుగు కింద టోటెమ్ స్తంభాలు చూశాం. దేవదారు మానులో కాకులు, గద్దలు, ఎలుగులు ఒకదాని మీద ఒకటి చెక్కి ఉంటాయి. ఒక్కో స్తంభానికీ ఒక్కో కథ. గైడు చెప్పేదంతా ఆయనే విని నాకు చెప్పారు, కాస్త కల్పించి. విక్టోరియాలో సాయంత్రం కాసేపు తిరిగి పడుకున్నాం.

సియాటిల్ రేవులో అమ్మాయి ఎదురొచ్చి, ‘ఎలా జరిగింది నాన్నా?’ అని అలవాటుగా గట్టిగా అరిచింది. ‘అరవకే, వినపడుతోంది’ అన్నారు. కారెక్కాక నావైపు చూసి, ‘అంతా బాగుంది కానీ, మీ అమ్మ ఇంత గురక పెడుతుందని ఇన్నాళ్లూ నాకు తెలియదు’ అన్నారు.