బరంపురంలో ఒక గంట

పోయిన శీతాకాలం మా అబ్బాయితో కలిసి బరంపురం వెళ్ళాను. రాత్రి ఖరగ్‌పూర్‌లో రైలెక్కితే, తెల్లవారేసరికి ఎడమవైపు చిల్కా సరస్సు కనబడింది. రంభ వచ్చిందంటే గంజాం జిల్లాలో అడుగుపెట్టినట్టే. బరంపురం ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని ఊరు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో చేరినా, బజారులో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. మా కోడలి పుట్టిల్లు అక్కడే.

వాళ్ళిద్దరూ విడిపోయి రెండేళ్ళయింది. కోర్టు ఉత్తర్వు ప్రకారం నెలకొకసారి, కుటుంబ న్యాయస్థానం ఆవరణలో, గంటసేపు మనవణ్ణి చూడవచ్చు. పిల్లల మేలు చూడాలన్నది 1890 నాటి సంరక్షకుల చట్టం నుంచీ ఉన్న మాటే. దాని అర్థం నాకు ఆ గదిలో తెలిసింది.

వాడికి ఆరేళ్ళు. వాళ్ళమ్మ గుమ్మం దాకా తెచ్చి, నాకు నమస్కారం పెట్టి, బయట బల్ల మీద కూర్చుంది. వాడు నేను చేసిన సున్నుండ తింటూ, నాన్న తెచ్చిన బొమ్మకారు నేల మీద తోలుతున్నాడు. "మనింటికి వస్తావా బాబూ?" అని నోటిదాకా వచ్చింది. అప్పుడే వాడు గుమ్మం వైపు చూశాడు. మాట మింగేసి, "బళ్ళో ఏం ఆడతారు?" అన్నాను. ఒడియా, తెలుగూ కలిపి గడగడా చెప్పాడు.

గంట అయిపోయింది. "నానమ్మా, మళ్ళీ సున్నుండలు తెస్తావా?" అన్నాడు. మిగిలినవి పొట్లం కట్టి, "అమ్మకీ పెట్టు" అని చేతికిచ్చాను.

ఇలాంటి గదికి వెళ్ళవలసివచ్చే పెద్దలకు ఒక్క మనవి. పిల్లల్ని సాక్ష్యం అడగకండి. ఆ గంట వాళ్ళది.