మయ్యత్‌కి ముందు మాటేంటి?

మా పొన్నూరులో ఎవరింట్లో మయ్యత్ అయినా, మసీదు మైకులో ఎలాన్ వచ్చిన గంటలోపే పనులు మొదలైపోతాయి. ఒకరు కఫన్ గుడ్డ తెస్తారు. ఒకరు ఖబర్ తవ్వించడానికి ఖబరస్తాన్‌కి పోతారు. గుసుల్ ఇచ్చే ఆడవాళ్లు పిలవకుండానే వస్తారు. ఆ ఇంటికి పక్కిళ్ల నుంచే ఖానా వస్తుంది. గరీబా, అమీరా అని ఎవరూ చూడరు. మన ఖౌమ్‌లో ఇదొక పెద్ద ఖూబీ.

మరి ఆ మనిషి పోవడానికి ముందు నెలల మాటేంటి?

మా ఫుప్పూకి గర్భసంచి క్యాన్సర్. "ఇక ఇలాజ్ లేదు, ఇంటికి తీసుకెళ్లి బాగా చూసుకోండి" అన్నాడు డాక్టరు. బాగా చూసుకోవడమంటే ఏంటో చెప్పలేదు. ఒళ్లు పుండ్లు పడకుండా ఎన్ని గంటలకోసారి పక్కకి తిప్పాలి? అర్ధరాత్రి దర్ద్ మొదలైతే ఏమివ్వాలి? ఆమె కోడలు, మా భాభీ, నాలుగు నెలలు ఆ మంచం పక్కనే నేలమీద పడుకుంది.

బీమార్‌పుర్సీకి వచ్చిన వాళ్లు యాపిల్ పళ్లు పెట్టి, "సబర్ చేయండి ఆపా, దర్ద్‌తో గునాహ్‌లు మాఫ్ అవుతాయి" అని వెళ్లేవారు. ఒకరోజు ఫుప్పూ నా చెయ్యి పట్టుకుని, "సబర్ చేస్తూనే ఉన్నా బేటా. రాత్రి ఒక్క గంట నీంద్ వస్తే చాలు" అంది.

చివరికి పాలియేటివ్ కేర్ డాక్టరొకరు మార్ఫిన్ మాత్రలు రాశారు. "నల్లమందు కదా, నషా కదా, హరామ్ కాదా?" అని ఇంట్లో పెద్ద బహస్. మా పేష్ ఇమామ్ సాబ్ నింపాదిగా విని, "డాక్టరు తక్లీఫ్‌కి లెక్కకట్టి ఇచ్చేది దవా. షౌక్‌కి తాగేది నషా" అన్నారు. నాలుగు గంటలకో మాత్ర, మలబద్ధకం రాకుండా ఇంకో మందు. మూడోరోజుకి ఫుప్పూ నిద్రపోయింది. లేచి ఇషారాలతో నమాజ్ చదివింది. ఖట్టీదాల్‌లో ఉప్పు తక్కువైందని భాభీని కోప్పడింది కూడా. ఇంకో రెండు నెలలు బతికింది. పోయేటప్పుడు ఆమె నోట కల్మా ఉంది, అరుపు లేదు.

ఈ ఖిద్మత్ కొత్తదేం కాదు. 1993లో కాలికట్ మెడికల్ కాలేజీలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్‌కుమార్ వంటివాళ్లు చిన్న క్లినిక్కుగా మొదలుపెట్టారు. తర్వాత మలప్పురం జిల్లాలో మామూలు జనమే తాలీమ్ తీసుకుని, చిన్నచిన్న చందాలు పోగేసి, ఇంటింటికీ వెళ్లసాగారు. 2008లో కేరళ సర్కారు దీనికోసం ఒక పాలసీయే తెచ్చింది. మార్ఫిన్ దొరక్కుండా చేసిన 1985 నాటి కఠిన కానూన్‌ని పార్లమెంటు 2014లో సడలించింది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది. బంజారాహిల్స్ రోటరీ వాళ్లు 2011లో మొదలుపెట్టిన స్పర్శ్ హాస్పిస్ పైసా తీసుకోదు.

మలప్పురంలో ఎక్కువమంది మనవాళ్లే. వాళ్లు చేయగలిగింది మనం చేయలేమా? మసీదులో జనాజా డోలా ఎప్పుడూ తయారుగా ఉంటుంది. దాని పక్కనే బైతుల్‌మాల్ సొమ్ముతో ఒక గాలిపరుపు, ఒక చక్రాల కుర్చీ పెట్టుకోవచ్చు. మొహల్లాకి నలుగురు మగవాళ్లు, నలుగురు ఆడవాళ్లు నర్సు దగ్గర పుండు కడగడం, మనిషిని తిప్పడం నేర్చుకోవచ్చు.

అదీ కాకపోతే, ఈసారి బీమార్‌పుర్సీకి వెళ్లినప్పుడు యాపిల్ పళ్లు మానేయండి. ఆ ఇంటి కోడలితో, "ఈ రాత్రి నేను కూర్చుంటా, నువ్వు పడుకో అమ్మా" అనండి.