ఆవకాయ నేర్పిన ఆఫీసు పాఠం

మా వారు క్రిందటేడు ఆఫీసులో సూపర్‌వైజరయ్యారు. ప్రమోషన్ వచ్చిందని మురిసేలోగానే ఫైళ్ళు ఇంటికి రావడం మొదలైంది. కింద ఏడుగురున్నా అన్నీ తానే చూడాలి. "వాళ్ళకిస్తే తప్పులు చేస్తారోయ్. దిద్దుకునే బదులు నేనే చేసుకోవడం నయం" అంటారు. ఆ మాట వినగానే నాకు మా అత్తగారు గుర్తొచ్చారు.

మా అత్తగారి ఆవకాయంటే వీధంతా పేరు. ఆవకాయ పెట్టే రోజున కాయలు కడిగి తుడవడం నాకు, ముక్కల్లో జీడి తీసి పొర గీకడం మా తోడికోడలికి, ఆవపిండి జల్లించడం ఆడపడుచుకి. కలపడం మాత్రం ఆవిడే. "మీ చేతికి వదిలితే ఏడాది ఊరగాయ నేలపాలు" అనేవారు.

ఓ వేసవిలో ఆవిడ తుంటి ఎముక విరిగి పెద్దాడపడుచు ఇంట్లో మంచాన ఉన్నారు. మేమిద్దరం ధైర్యం చేసి యాభై కాయలు పెట్టాం. పన్నెండేళ్ళు పక్కన కూర్చుని చూసిందాన్నే గానీ, కొలత తెలీదు! ఉప్పు ఉజ్జాయింపుగా వేశాం, నూనె పొదుపు చేశాం. ఆషాఢం వెళ్ళేసరికి జాడీలో తెల్లగా బూజు. ఏడుస్తూనే పెరట్లో గొయ్యి తీసి పాతేశాం.

ఆవిడొచ్చాక తిడతారనుకున్నాం. ఖాళీ జాడీ చూసి, "తప్పు మీది కాదమ్మా, నాది. ఏనాడన్నా చెయ్యి పెట్టనిచ్చానా మిమ్మల్ని?" అన్నారు.

మరుసటేడు కుర్చీలో కూర్చుని కొలత చెప్పారు. నాలుగు సోలల ముక్కలకి సోల ఆవపిండి, సోల కారం, సోలకి కాస్త తక్కువ ఉప్పు, ముక్క మునిగేలా నువ్వుల నూనె. ఆ తర్వాత నోరు మెదపలేదు. నేను ఉప్పు తక్కువేస్తుంటే చూసీ ఊరుకున్నారు. తడి గరిట పెట్టబోతే మాత్రం చటుక్కున చెయ్యి పట్టుకున్నారు. మూడోనాడు తిరగ కలిపేటప్పుడు "రుచి చూడు" అన్నారు. ఉప్పు చాల్లేదని నా నాలుకే చెప్పింది.

"ఉప్పు ఈవేళ దిద్దుకోవచ్చు. తడి తగిలితే దిద్దుకునే దారి లేదు. అందుకే దానికి ఊరుకున్నా, దీనికి ఆపా" అన్నారు.

ఈ కథంతా మా వారికి చెప్పి, "మీ పనుల్లో ఉప్పులాంటివేవో, తడిలాంటివేవో విడదీసుకోండి" అన్నాను. నవ్వి ఊరుకున్నారు. కానీ ఆ నెల లెక్కల చిత్తుప్రతి కొత్తగా చేరిన అబ్బాయికిచ్చారు. మొదటిసారి కూడిక తప్పాడట. పైకి పంపకముందే కదా, తాను దిద్దకుండా "నువ్వే మళ్ళీ చూడు" అని తిప్పిచ్చారట. మూడో నెలకి సరిగ్గా తెచ్చాడు. డబ్బు చెల్లించే కాగితాలు మాత్రం తాను చూడందే కదలనివ్వరు. అది తడి మరి! ఈ వేసవిలో మేనకోడలి పెళ్ళికి నాలుగు రోజులు ఒక్క ఫైలూ లేకుండా వచ్చారు.

ఇక నా సంగతి. ఈ ఏడు కలపడం మా అమ్మాయికి వదిలాను. ఆయనకి చెప్పడం తేలికే గానీ, చూస్తూ ఊరుకోవడం ఎంత కష్టమో! చేతులు కొంగులో చుట్టేసుకుని కూర్చున్నాను. మరి మీ ఇంట్లో ఆవకాయ కలిపే చెయ్యి ఎవరిది?