గోడ చూసి పేరు చెప్పు: అండమాన్ ఉత్తరాలు

జంగ్లీఘాట్, శ్రీ విజయపురం
ఆదివారం రాత్రి

నాన్నా,

ఓడ దిగి చిన్నత్త వాళ్ళింటికి క్షేమంగా చేరాను. పోర్ట్ బ్లెయిర్‌ని 2024లో శ్రీ విజయపురం చేశారు గానీ, ఆటోవాళ్ళ నోట ఇంకా పాత పేరే నలుగుతోంది. జంగ్లీఘాట్‌లో చేపలు పట్టేవాళ్ళు చాలామంది మన తెలుగువాళ్ళే. సందులో నడుస్తుంటే శ్రీకాకుళం మాట చెవిన పడుతూనే ఉంది. అమ్మ ఆరోగ్యం గురించి చిన్నత్త గుచ్చి గుచ్చి అడిగింది.

"పగడాలు చూడ్డానికి అంత దూరం ఎందుకమ్మా, మన సముద్రంలో లేవా?" అన్నావు కదా. మన తీరంలోకి గోదావరి, కృష్ణ బురదా మంచినీళ్ళూ తెచ్చి పోస్తాయి. దిబ్బలు కట్టే పగడాలకి తేట నీళ్ళు, ఎండ, వెచ్చదనం, ఉప్పు అన్నీ కుదరాలి. దేశం మొత్తంలో పెద్ద దిబ్బలున్నవి నాలుగు చోట్లే: కచ్ సింధుశాఖ, మన్నార్ సింధుశాఖ–పాక్ అఖాతం, లక్షద్వీప్, ఈ అండమాన్ నికోబార్ దీవులు.

ఎండ ఎందుకంటావేమో. పగడాన్ని కట్టే పాలిప్ అనే బుల్లి జంతువు ఒంట్లో సూక్ష్మ శైవలాలు కాపురముంటాయి. ఎండలో అవి వండుకున్నదాంట్లో ఎక్కువ వాటా దీనికే పెడతాయి. ఆ బలంతో ఇది సముద్రపు నీటిలోంచి కాల్షియం లాగి, తన కింద సున్నపురాయితో ఒక గిన్నె, చుట్టూ గోడ కట్టుకుంటుంది. నలభై ఏళ్ళు తాపీ పట్టినవాడివి, వీటి పనితనం గురించి నీకు రాయడమే సబబు.

నీ అమ్మాయి

*

వండూర్
మంగళవారం

నాన్నా,

ఈ ఉదయం జాలీ బోయ్ దీవికి వెళ్ళొచ్చాను. 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ వనంలో అదొక దీవి. జెట్టీ దగ్గర సంచులు వెతికి ప్లాస్టిక్ ఉంటే తీయించేశారు. జాలీ బోయ్‌కీ రెడ్ స్కిన్ దీవికీ వంతులట, ఒకటి తెరిస్తే రెండోదానికి విశ్రాంతి.

మొదట అద్దం అడుగున్న పడవ ఎక్కించారు. "అది మెదడు, ఇవి వేళ్ళు, అదిగో పుట్టగొడుగు" అంటూ పడవ నడిపే కుర్రాడు ఆకారాన్ని బట్టి చెప్పుకుపోయాడు. మాస్క్ తగిలించుకుని నీళ్ళలో ముఖం పెడితే ఆ లెక్క అంతగా నిలవదు. ఒకే జాతి ఒకచోట గోధుమరంగులో, మరోచోట ఊదాగా, ఇంకోచోట ఆకుపచ్చగా ఉంటుంది. అలలు బాదేచోట పొట్టిగా, లావుగా ఉన్న కొమ్మలే నెమ్మదైన నీటిలో సన్నగా సాగుతాయి. వెల్ల చూసి ఇల్లు ఎవరు కట్టారో నువ్వెప్పుడైనా చెప్పావా? గోడ కట్టిన తీరు చూసే చెప్పేవాడివి. ఇక్కడా అంతే.

గుండ్రటి బండలాంటిది కనబడితే దగ్గరకు పోయి గిన్నెల అంచులు చూడాలి. ప్రతి పాలిప్‌కీ సొంత గోడ ఉండి, పక్కదాని గోడకీ దానికీ మధ్య సందు ఉంటే డిప్సాస్ట్రియా. ఇద్దరికీ ఉమ్మడి గోడ ఉంటే ఫేవైటిస్ కావచ్చు. వరస గదుల మధ్య అడ్డుగోడలే లేక, అన్నీ కలిసిపోయి మెలికల గాడులైతే ప్లాటిజైరా. పడవ కుర్రాడు మెదడు అన్నది దాన్నే. గిన్నెలు మిల్లీమీటరు, ఒకటిన్నర మించకుండా, దూరానికి బండ నున్నగా కనిపిస్తే పోరైటిస్. అది ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కోసి ఎక్స్‌రే తీస్తే ఏడాదికో పొర తెలుస్తుంది. నీ ఎత్తున్న బండకి పునాది పడినప్పుడు మీ తాత కూడా పుట్టలేదు.

కొమ్మలున్నవాటికి కొసలు చూడాలి. కొమ్మ చివర నడినెత్తిన ఒక గిన్నె, దాని కింద చుట్టూరా చిన్న గిన్నెలు ఉంటే ఆక్రోపోరా. కొమ్మ సాగేది ఆ కొస గిన్నెతోనే. కొసన అలాంటిదేమీ లేక, ఒళ్ళంతా బుడిపెలుండి, ఆ బుడిపెల మీద కూడా గిన్నెలుంటే పోసిల్లోపోరా. పుట్టగొడుగు పగడం ఫంజియాది మరో దారి. ఒకే పాలిప్, ఒకే పెద్ద గది. పసితనంలో కాడతో రాయికి అంటుకుని ఉండి, ఎదిగాక తెంచుకుని ఇసుక మీద విడిగా బతుకుతుంది.

చాలా పగడాలు రాత్రిపూటే వేళ్ళలాంటి స్పర్శకాలు చాపుతాయి. పగలు కూడా చాపి ఊగేవాటిలో రెండున్నాయి. వాటిని గోడతో కాదు, లెక్కతో విడదీయాలి: పాలిప్‌కి 24 స్పర్శకాలుంటే గోనియోపోరా, 12 ఉంటే ఆల్వియోపోరా.

నీ అమ్మాయి

*

నీల్ దీవి
గురువారం సాయంత్రం

నాన్నా,

2018లో దీనికి షహీద్ ద్వీప్ అని పేరు పెట్టారు. లక్ష్మణ్‌పూర్ వైపు సముద్రం పాటులో ఉన్నప్పుడు రాతి పలకల మధ్య గుంటల్లో బతికున్న పగడాలు కనిపిస్తాయి. ఒడ్డున మాత్రం విరిగిన ముక్కలు. తోలు ఊడిపోయిన ముక్కలో గోడలు ఎంత స్పష్టమో! గిన్నె లోపలికి గోడ నుంచి నిలబడిన సన్నటి రేకులు కూడా లెక్కపెట్టొచ్చు. జాతి దాకా తేల్చాలంటే శాస్త్రజ్ఞులు ఈ అస్థిపంజరాన్నే చూస్తారు. బతికున్నప్పుడు ఇదంతా మాంసం కింద దాగుంటుంది.

అసలు రాతి పగడాల స్పర్శకాలు ఆరు, పన్నెండు, ఇరవైనాలుగు, ఇలా ఆరు లెక్కన ఉంటాయి. ఎనిమిదే ఉంటే అది వేరే వంశం. ఆ ఎనిమిది వాళ్ళలోనూ గట్టి మేస్త్రీలు ఉన్నారు. విరిస్తే లోపల నీలంగా ఉండే హీలియోపోరా ఒకటి, ఎర్రటి గొట్టాలు పేర్చుకునే ట్యుబిపోరా ఇంకొకటి. అమ్మ మెడలో పగడాల దండ కూడా ఆ వంశమే. నగల ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలో మసక వెలుతురులో పెరుగుతుంది, ఇలాంటి దిబ్బలు కట్టదు. ఆవపిండి రంగులో, తెల్లటి కొసలతో, గిన్నెలే కనబడకుండా నున్నగా ఉన్నది మిల్లెపోరా. అది ఈ రెండు వంశాలకీ చెందదు. తాకితే ఒళ్ళు మండుతుంది, అందుకే దాన్ని నిప్పు పగడం అంటారు.

ఒక్క ముక్క కూడా తేవడం లేదు. రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, అంటే పులికున్న రక్షణే వీటికీ.

చట్టం ఆపలేని దెబ్బలూ ఉన్నాయి. 2004 డిసెంబరు 26 భూకంపం ఇక్కడి నేలని అటూ ఇటూ వంచేసింది. ఉత్తర అండమాన్ పడమటి తీరంలోనూ, ఇంటర్వ్యూ దీవి చుట్టూ కూడా దిబ్బలు నీటిపైకి లేచి ఎండిపోయాయి. దక్షిణాన ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది.

నీ అమ్మాయి

*

హ్యావ్‌లాక్ (స్వరాజ్ ద్వీప్)
శనివారం

నాన్నా,

ఫోన్‌లో అడిగావు, "పేరు తెలిస్తే ఏం, తెలియకపోతే ఏం?" అని. ఫోన్‌లో సరిగా చెప్పలేకపోయాను, ఇప్పుడు రాస్తున్నాను.

పేర్లు పెట్టేవాళ్ళు కూడా తిప్పలు పడుతూనే ఉన్నారు. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు చార్లీ వెరాన్ 2000లో ప్రపంచ పగడాల మీద మూడు సంపుటాలు తెచ్చాడు. ఒకే జాతి నీటి పోకడను బట్టి ఎన్ని రూపాలెత్తుతుందో నీటి అడుగున ఏళ్ళ తరబడి చూసినవాడాయన. ఆ తర్వాత డీఎన్‌ఏ పరీక్షలొచ్చి, ఒకేలాంటి గోడలున్నవన్నీ చుట్టాలు కావని తేల్చాయి. మొన్న నీకు డిప్సాస్ట్రియా అని రాశానే, ఈ సముద్రాల్లో దాన్ని ఫేవియా అనేవాళ్ళు. 2012లో ఆ పాత పేరు అట్లాంటిక్ వాటికే మిగిలింది. అందుకే చూసినవి రాసుకునే నా పుస్తకంలో ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు పేరు దగ్గరే ఆగుతున్నాను. నీటిలో చూసి అంతకుమించి రాయడం నా వంటివాళ్ళకి దుస్సాహసం.

ఆ మాత్రం పేరైనా ఎందుకంటే, సముద్రం వేడెక్కితే పాలిప్ తన శైవలాలను వెళ్ళగొట్టి తెల్లబోతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చస్తుంది. 1998లో, 2010లో, 2016లో ఈ దీవుల్లో అలా జరిగింది. మామూలుగా ముందు పడిపోయేవి ఆక్రోపోరా, పోసిల్లోపోరా. పోరైటిస్ బండలు చాలావరకు తట్టుకుంటాయి. "బతికున్న పగడం ఇంత శాతం" అని మాత్రమే రాసుకుంటే, కొమ్మల అడవి పోయి బండలు మిగిలిన సంగతి ఆ లెక్కలో కనపడదు. కొమ్మల మధ్య తలదాచుకునే చేపపిల్లలకి మాత్రం ఆ తేడా ప్రాణాల మీదికి వస్తుంది. ఊళ్ళో ఇళ్ళ లెక్క మారకుండానే వీధి వీధంతా ఖాళీ కావచ్చు. ఏ ఇల్లు ఎవరిదో రాసిపెట్టుకున్నవాడే దాన్ని పట్టుకోగలడు.

సోమవారం చిన్నత్త దగ్గరికి తిరిగొస్తాను. ఓడ టికెట్ ఖాయం కాగానే ఫోన్ చేస్తాను. అమ్మని మోకాళ్ళ మందు మానొద్దని చెప్పు.

ఇట్లు
నీ అమ్మాయి